గుర్తున్న దుంగలు

కిల్దెబెక్ అంత నిజాయితీపరుడు వోల్గా కుడిగట్టున మరొకడు లేడు. ఆ నిజాయితీతోనే చేజేతులా కొంప ముంచుకున్నాడు.

అడవి తేనె తీయడం అతని వృత్తి. తేనె పట్టిన తొర్ర కింద ఎవరు ముందు తమ ఇంటి గుర్తు చెక్కితే ఆ చెట్టు వాళ్లది. అది కూలి ఏట్లో కొట్టుకుపోయినా ఇంకొకరు ముట్టకూడదు. ఒకసారి ముట్టినందుకు సొంత తమ్ముడితోనే పదేళ్లు మాట్లాడలేదు కిల్దెబెక్. అంత చాదస్తం!

ఆ వసంతంలో ఎగువ నుంచి దుంగల తెప్పలు వచ్చాయి. వరదకి కొన్ని దుంగలు విడిపోయి ఊరి రేవులో ఇసుకలో చిక్కుకున్నాయి. ప్రతిదాని మీదా ఏదో ఒక గుర్తు చెక్కి ఉంది. ఊరివాళ్లు గొడ్డళ్లు పట్టుకొస్తే కిల్దెబెక్ అడ్డం నిలబడ్డాడు.

"ఆగండర్రా! ఎవడి సొత్తో ఏమో. గుర్తు కనబడ్డంలా? కళ్లు పోయాయా?"

"రష్యావాళ్ల పడవలు వెనకే వస్తున్నాయటయ్యా, కజాన్ మీదికేనట," అంది భార్య మిన్‌సిలు. "మన పిల్లని ఇచ్చింది ఆ ఊరికే కదా! ఈ దుంగలు ఆ రష్యావాళ్లవే అయ్యుంటాయి. తగలబెట్టెయ్, పీడా పోతుంది."

"దుంగలొచ్చి యుద్ధం చేస్తాయటే, పిచ్చిదానా?"

పొద్దంతా నడుంలోతు చన్నీళ్లలో నిలబడి, గెడతో ఒక్కొక్కటే ప్రవాహంలోకి నెట్టాడు.

నెల తిరక్కుండానే దిగువన, స్వియాగ నది కలిసేచోట, గుట్ట మీద రష్యావాళ్ల కోట లేచింది. ఎక్కడో కట్టి, విప్పి, ఏ దుంగ పక్కన ఏది నిలవాలో గుర్తులు పెట్టి తెచ్చిన కోట అది. తను నెట్టిన దుంగలు ఆ గోడల్లో చూసొచ్చిన రోజు కిల్దెబెక్ అన్నం ముట్టలేదు.

మరుసటి ఏడు కజాన్ రష్యావాళ్ల వశమైంది. కూతురు అల్తినాయ్ జాడ తెలియలేదు.

"నువ్వు నెట్టకపోతే వాళ్లు కోట కట్టకపోయేవారా?" అని ఊరు ఓదార్చింది. నిజమే, కట్టేవారే. అయినా కడుపుకోతకి ఆ మాట ఎక్కలేదు.

చలికాలంలో అల్తినాయ్ పొరుగింటావిడ బతికి బయటపడి వచ్చింది.

"ముట్టడికి ముందే బిడ్డనెత్తుకుని మీ ఇంటికే బయల్దేరింది, బాబాయ్. ఆ కొత్త కోట కాపలావాళ్లు పడవ ఆపి వెనక్కి తిప్పేశారట. ఏడుస్తూ మళ్లీ ఊళ్లోకే వచ్చింది. ఆ తర్వాత నేను చూళ్లేదు."

మిన్‌సిలు పక్కనే నిలబడి అంతా విన్నది. మొగుణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని కిల్దెబెక్ చచ్చేదాకా అనుకున్నాడు.