శంకరన్న కొన

కురవి వీరభద్రుడి మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మీ జనగామవాళ్లు కూడా నవ్వుతారు. నవ్వండి... కానీ మొత్తం విన్నాక నవ్వండి.

అప్పుడు నేను సరుకుల ఓడలో పనిచేస్తున్నాను. హిందూ మహాసముద్రంలో బాగా దక్షిణాన, ఇక మంచు ఖండమే మిగిలిందనిపించే చోట కెర్గెలెన్ దీవులున్నాయి. వాటి తూర్పు కొసన ఒక ద్వీపకల్పం. మూడు పక్కలా సముద్రం. చెట్టన్నది లేదు. బురద, మడుగులు, ఎప్పుడూ ఆగని గాలి. ఎవరో నౌకాదళాధిపతి పేరు దానికి పెట్టారట.

"పిలిచేటోళ్లే లేని జాగకు పేరెందుకురా?" అన్నాడు రాజన్న. నాతోపాటు ఓడలో పనిచేసేవాడు. వాళ్లది భూపాలపల్లి దిక్కు చిట్యాల.

ఆ సాయంత్రం పరిశోధకుల గుడిసెలో సామాన్లు దించి, ఎత్తైన గట్టు మీద నిలబడి పడవ కోసం చూస్తున్నాం. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక నల్లటి రాతికొన కనిపించింది. మ్యాపులో దానికి పేరు లేదు.

"నువ్వే పెట్టు జర," అన్నాడు రాజన్న.

మా అన్న జ్వరంతో పోయినప్పుడు నేను సముద్రం మీదున్నాను. కడసారి చూపు కూడా దక్కలేదు. ఆయనే గుర్తొచ్చాడు. గొంతెత్తి అరిచాను.

"శంకరన్న కొన!"

గాలి ఆగిపోయింది.

అక్కడ గాలి ఆగదు... ఆగింది.

పొగమంచు కమ్మేసింది. దాని వెనకే చీకటి. నా చెయ్యి నాకే కనబడలేదు. అప్పుడు... ఆ రాయి వైపు నుంచి... దగ్గు. పొడి దగ్గు. మా అన్న దగ్గే. తర్వాత గొంతు.

"ఆగు తమ్మీ... ఆడనే ఆగు..."

ఉన్నచోటే ఆగాను. పక్కన బూట్ల చప్పుడు. రాజన్న ముందుకు నడుస్తున్నాడు! తడుముకుని అతని కోటు పట్టుకున్నాను.

"ఏడికి పోతున్నవ్ అన్నా?"

"ఇనవడ్తలేదా? ఎవరో పిలుస్తుండు. 'రా తమ్మీ, జల్ది రా' అంటుండు."

"రమ్మంటలేడు! ఆగమంటుండు!"

"కాదురా... రమ్మంటుండు. ఏడుస్తుండు."

అతన్ని కింద పడేసి, మీద పడి పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. గొంతు సన్నబడింది... ఇంకా సన్నబడింది... గాలి మళ్లీ లేచింది. మంచు విడిపోయాక చూస్తే రాజన్న తల ముందు నేల లేదు. ఎక్కడో కింద తెల్లటి నురగ.

పడవ ఎక్కేదాకా అతని కోటు వదల్లేదు. రాజన్న ఇప్పుడు చిట్యాలలో వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఈ మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు.

నేను విన్నదే నిజమైతే, మా అన్న మమ్మల్ని కాపాడాడు. మరి రాజన్న విన్నదే నిజమైతే?

మా అన్న ఏడుస్తూ రమ్మని పిలుస్తుంటే... నేను కదలకుండా పడుకున్నానా?