మూత ఎత్తని ఐదు గంటలు

మూడేళ్ల కిందట మా ఇంట్లో మేక తొడలు లోపల పచ్చిగా ఉండిపోయాయి. తప్పు నా నిప్పుదేనని మా వాళ్లు ఈ మధ్య వరకూ చెప్పుకునేవారు. తప్పెవరిదో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అప్పుడు చెప్పనివ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

వండూర్‌లో మా ఇంటి వెనక నిలువునా కోసిన ఇనప డ్రమ్ము ఉంది. పై సగం మూత, కింది సగంలో కొబ్బరి చిప్పల బొగ్గు. మా అమ్మ చేపలకు పొగ పెట్టేది, నిప్పు పని నాకు ఆవిడే నేర్పింది. మంట కనిపించకూడదు. బొగ్గును ఒక పక్కన వరసగా పేర్చి, ఆ వరసకు ఒక చివరే అంటించాలి. నిప్పు మెల్లగా రెండో చివరకు పాకుతుంది. మాంసం నిప్పు మీద కాదు, దానికి దూరంగా అవతలి పక్కన ఉండాలి. కింద గాలి కన్నానికి ఇటుక ముక్క అడ్డం పెడతాను. దాన్ని వేలెడు జరిపితే వేడి పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. అలా ఐదు గంటలు. అంతసేపూ మూత ముట్టుకోకుండా కూర్చోవాలి. మా చెల్లెలి భర్తకు చేతకానిది అదే.

అతను షిప్పులో వంటవాడు. గ్యాసు పొయ్యి తప్ప ఇంకో నిప్పు ఎరగడు. మా అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని చుట్టాలను పిలిస్తే, బ్రూక్షాబాద్ నుంచి ఇస్త్రీ చొక్కాలో దిగి నేరుగా డ్రమ్ము దగ్గరికే వచ్చాడు.

“ఏటి వదినా, ఆగ్ ఏదీ? మంటే కనపడతా లేదు” అంటూ మూత ఎత్తాడు.

“దించు బాబూ, వేడంతా పోతాది.”

“మా షిప్పులో ఎంతమందికి వండుతానో తెలుసా నీకు?”

పావుగంటకోసారి ఎత్తాడు. చేటతో విసిరాడు. గుప్పిళ్లతో కొత్త బొగ్గు పోశాడు. కొవ్వు కారి మంట భగ్గుమంటే “అద్గదీ!” అని చప్పట్లు కొట్టాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ నా చెయ్యి గిల్లింది. “అల్లుడుగారిని ఏటీ అనకు.” మా ఇళ్లలో అది పెద్ద కట్టుబాటు. అల్లుడు ఇల్లు తగలబెడుతున్నా పక్కన నిలబడి మంచినీళ్లు అందించాలి, అతను తాగడానికి.

కోసి చూస్తే పైన మసి, ఎముక దగ్గర నెత్తురు. అతను చేతులు తుడుచుకుంటూ అందరికీ వినపడేలా అన్నాడు: “వదిన నిప్పులో దమ్ లేదు.” అందరూ నవ్వారు, మా చెల్లెలు కూడా. ఎవరెవరు నవ్వారో, ఎక్కడెక్కడ కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ తర్వాత నా డ్రమ్ము మీద తడి బట్టలు ఆరేశారు.

ఈ ఏడాది మా అబ్బాయికి పిల్లనిస్తామని ఫెరార్‌గంజ్ వాళ్లు భోజనానికి వస్తామన్నారు. మేక తొడలే చేస్తానన్నాను.

“మళ్లీ పచ్చిగా పెడితే సంబంధం పోతాది అక్కా” అంది చెల్లెలు.

ఆ మాట విన్నాక ఇక మానే ప్రసక్తే లేదు. పచ్చిగా వస్తే ఆ మాట చచ్చేదాకా నా మీదే ఉంటుంది. సరిగ్గా వస్తే, పోయినసారి ఏం జరిగిందో అందరి ముందూ తేలిపోతుంది.

పొద్దున ఏడింటికి మాంసం లోపల పెట్టి, మూతకూ డ్రమ్ముకూ ముందే వేయించిన కన్నాల్లోంచి తాళం బిగించాను. తాళంచెవి కొంగున కట్టుకున్నాను. పదింటికి అతను వచ్చాడు.

“ఇదేటి వదినా, బ్యాంక్ లాకరా?”

“అల్లుడుగారిని నేనేటీ అనకూడదు కదా. అందుకే తాళం చేత చెప్పిస్తన్నాను.”

“అరె, ఒక్కసారి చూసి మూసేస్తాను. చాబీ ఇవ్వు.”

“పన్నెండుకి.”

డ్రమ్ము చుట్టూ తిరిగాడు. మూత మీద చెయ్యి పెట్టి చురుక్కుమంటే లాక్కున్నాడు. ఇటుకను కాలితో జరపబోతే పీట తెచ్చుకుని దాని పక్కనే కూర్చున్నాను. సముద్రం గాలి ఎక్కువైనప్పుడు నేనే అరవేలు మూశాను.

భోజనాల దగ్గర పిల్ల తండ్రి ఎముక పట్టి లాగితే, మాంసం పళ్లెంలో ఉండిపోయి ఎముక ఒక్కటే చేతికొచ్చింది. “బాప్ రే! ఎవరు చేసారు దీదీ?” అన్నాడు. మా వాళ్లంతా మా చెల్లెలి భర్త వైపే చూశారు. మూడోసారి వడ్డించుకుని నములుతున్నాడు. మూడేళ్లు ఆగినదాన్ని, మింగేదాకా ఆగలేనా?

“ఈసారి బొగ్గు బాగుంది” అన్నాడు.

బొగ్గు! అదే తోట చిప్పలు, అదే గుంటలో నా చేత్తో కాల్చినవి. అమ్మ మళ్లీ గిల్లబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“బొగ్గు అప్పుడూ ఇదే బాబూ. ఈసారి మూత నువ్వు తియ్యలేదు, అంతే.”

ఎవరూ నవ్వలేదు. చెల్లెలు తల వంచుకుంది. అతను మంచినీళ్లు అడిగాడు. నేనే ఇచ్చాను.

సంబంధం కుదిరింది. తప్పు తనదేనని మాత్రం అతను ఈ రోజుకీ అనలేదు. పైగా వారం తిరగకుండా ఫోన్ చేశాడు, షిప్పు స్నేహితులకు పార్టీ ఉంది, డ్రమ్ము కావాలని.

“పట్టుకెళ్లు బాబూ” అన్నాను. “మూత మాత్రం ఇక్కడే ఉంటాది. దాంతో నీకేం పని?”