ఎవరూ రికార్డు చేయని పోతురాజు గారి కేక

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఈ సంగతి ఇదివరకు ఎంతోమందికి సరదాగా చెప్పాను కానీ, చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మింగేశాను. ఈసారి అది కూడా చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో విజయవాడలో కంప్యూటర్లు నేర్పేవాణ్ణి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మా వీధి కల్యాణ మండపం ఖాళీ. ఆదివారం పొద్దున్నే కంప్యూటర్లు రిక్షాల్లో తెచ్చి అక్కడ పెట్టేవాళ్లం. ఎవరైనా రావచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒక జట్టు. సాయంత్రానికల్లా ఏదో ఒకటి తయారుచేసి అందరికీ చూపించాలి.

మా జట్టులో పామర్రు నుంచి బస్సులో వచ్చే సుజాత టీచర్ గారు, చేపల వ్యాపారి పోతురాజు గారు, నేను. పిల్లల కోసం రేవు దాటే పడవ ఆట చేస్తున్నాం. బొమ్మలు టీచర్ గారివి. పడవవాడి కేక పోతురాజు గారు వేయాలి.

"నా గొంతు వింటే పిల్లలు నీళ్లలోకి దూకేస్తారండీ" అన్నారాయన.

"దూకనివ్వండి, ఈత కూడా నేర్పేద్దాం" అన్నారు టీచర్ గారు.

మండపంలో ఫ్యాన్లు ఒకటే మోత. ఆ మోతలో రికార్డింగ్ కుదరదని, ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టి, ఫ్యాన్ల స్విచ్ అనుకుని మెయిన్ దించేశాను. కంప్యూటర్లన్నీ ఆరిపోయాయి. అన్ని జట్ల పనీ సగానికి సగం పోయింది.

సరిగ్గా అప్పుడే టీచర్ గారు టీ కోసం ఇంటి నుంచి తెచ్చిన హీటరు పెట్టారు. "అయ్యో, నా హీటర్ వల్లేనేమోనండీ" అన్నారు. అందరూ అవుననుకున్నారు. నేను మెయిన్ ఎత్తితే బాగుచేసినవాడిలా చూశారు. అందరికీ నేర్పేవాణ్ణి, స్విచ్ తెలియలేదని ఎలా చెప్పను? ఊరుకున్నాను.

మా కంప్యూటర్ తెరిచాం. మా ఆట మాత్రం చెక్కుచెదరలేదు. పడవ కదలగానే పోతురాజు గారి గొంతు: "ఎక్కండమ్మా ఎక్కండి, బుట్టలు జాగ్రత్త."

"గొంతు నాదే. ఎప్పుడన్నానో మీరే చెప్పాలి" అన్నారాయన. మండపమంతా నవ్వులు.

రికార్డింగ్ మేం మొదలే పెట్టలేదు. పొద్దున పొరపాటున రికార్డయిందేమో అంటే, వెనక ఫ్యాన్ల మోత లేదు. ఫ్యాన్లు ఆగింది నేను మెయిన్ దించినప్పుడే. అప్పుడు కంప్యూటర్ కూడా ఆగిపోయి ఉంది. తెలిసినవాళ్లకి ఆ ఫైలు చూపించాను. ఎవరూ తేల్చలేదు. నాకూ ఈనాటికీ అంతుపట్టలేదు.

ఆ సాయంత్రం చప్పట్లన్నీ మా పడవకే. కానీ పని పోగొట్టుకున్న కుర్రాళ్లు "వచ్చే వారం టీచర్ గారు కుంపటి తెస్తారట" అని ఆటపట్టించారు. ఆమె నవ్వేశారు. మళ్లీ ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వారమంతా ఆ ఒక్క రోజు కోసమే చూస్తానని మాతో అన్న మనిషి.

మొన్న పామర్రులో ఆమె ఇంటికి వెళ్లాను. గుర్తుపట్టి, నవ్వుతూ కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు.

"టీచర్ గారూ, ఆ రోజు మెయిన్ దించింది నేను. నింద మీ మీద పడుతుంటే నోరు మెదపలేదు. మీ ఆదివారాలు పోగొట్టాను. నన్ను క్షమించండి" అన్నాను.