వెలిసిపోయిన మచ్చలు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో కరీంనగర్‌లో నేనూ సామేలూ జీవశాస్త్రం ఎమ్మెస్సీ చదివాం. అతనిది హుజూరాబాద్ పక్క పల్లె, మిషన్ చర్చికి పోయే కూలీల కుటుంబం. మాకు భూములుండేవి. మా ల్యాబ్ సారు ఇద్దరికీ ఒకే పని ఇచ్చారు. మేక కార్జం తెచ్చి, కణాల్లోని కేంద్రకాలను వేరు చేసి, వాటి పైపొర పోయేదాకా డిటర్జెంట్‌తో కడగాలి. అలా కడిగాక కొవ్వు మిగలకూడదు. కొవ్వు పొరల్లోనే ఉంటుందని మా పుస్తకాలు చెప్పేవి.

సామేలుకు కొవ్వు మిగిలింది. దాన్ని గాజు పలక మీద పారించి అయోడిన్ ఆవిరి పట్టిస్తే, కొవ్వున్న చోటల్లా గోధుమరంగు మచ్చలు తేలాయి. సారు ఆ పలకను అందరి ముందూ ఎత్తి చూపారు. "కడుగుడు గూడ మేమే నేర్పాల్నా మీకు?" అన్నారు. ఆ 'మీకు' ఎవరికో గదిలో అందరికీ తెలుసు. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు నా పలక మీదా అవే మచ్చలు. అంతే ముదురుగా.

అయోడిన్ మచ్చలు నిలవవు. గాలి తగిలితే కాసేపట్లో పోతాయి. అందుకే కనబడగానే చుట్టూ పెన్సిల్‌తో గీయాలి. పెన్సిల్ నా చేతిలోనే ఉంది. గీయలేదు. పలకను కిటికీలో పెట్టి, అవి వెలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. భయమా? హైదరాబాద్‌కు పరిశోధనకు సారు ఒక్కరినే పంపుతారని తెలుసు. భయమని చెప్పుకుంటే నాకు తేలిక, కానీ నవ్విన వాళ్లలో ఒకడిగా ఉండటం ఆ రోజు నాకు హాయిగానే ఉందన్న మాట దాచి చెప్పినట్టవుతుంది.

సామేలు వచ్చి ఖాళీ పలక చూశాడు.

"నీకు మచ్చలు రాలేదా?"

"రాలే."

"ఒక్కటి గూడ?"

"రాలే అంటున్న గద. జర మంచిగ కడుగు."

"ఇంకెంత కడగాలె రా? మా అవ్వ గిట్ల తోమితే మిషన్ దొరసాని గిన్నెలకు బొక్కలు పడుతుండె." నవ్వి, తన చేతులు చూసుకున్నాడు. "నువ్వు గూడ అంటున్నవంటే, తప్పు నా చేతులల్లనే ఉన్నది."

నేను హైదరాబాద్ పోయాను. అతను మంచిర్యాలలో బడిపంతులయ్యాడు.

కొన్నేళ్లకు లైబ్రరీలో ఒక పత్రిక తెరిస్తే అదే సంగతి. పొర మొత్తం తీసేసినా కేంద్రకం లోపల కొన్ని కొవ్వు అణువులు ఉంటాయట. మురికి కాదట. కణం పెరగాలా, రెండుగా చీలాలా అన్న కబురు జన్యువుల దాకా చేరడంలో వాటికీ పని ఉందట. పత్రిక మూసేశాను. ఆ రోజే మంచిర్యాల బస్సు ఎక్కగలిగేవాణ్ణే. ఎందుకు ఎక్కలేదు?

చివరికి ఎక్కింది, అతను చనిపోయాడని తెలిశాక. అతని భార్య చాయ్ ఇస్తూ అంది: "ఇంట్ల గిలాసలన్ని ఆయనే కడుగుతుండె అన్నా. నేను కడిగినయి గూడ మల్ల కడుగుతుండె. ఎందుకయ్యా అంటే, నా చేతులు మంచియి కావు, ఒక్కసారికి పోదు అంటుండె."

చాయ్ తాగి వచ్చేశాను.

ఇక్కడ చెబుతున్నది క్షమించమని కాదు. ఆ హక్కున్నవాడు లేడు. అతను అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఒక్కసారైనా నా నోట రావాలి.

వచ్చినయ్ రా సామేలూ. నాకు గూడ వచ్చినయ్.