మొరం దారిలో ద్రాక్షతోటకు

సికింద్రాబాదులో ఆడవాళ్లు సైకిలు తొక్కడం ఆ రోజుల్లో పూర్తిగా వింత కాదు. కానీ తొక్కేవాళ్లు ఎక్కువగా దొరసానులు, ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలు. చిలకలగూడ నుంచి మిషన్ బడికి చీర కట్టుకుని సైకిలు మీద వెళ్లే పంతులమ్మను మా వీధిలో నేనొక్కదాన్నే. మేము క్రైస్తవులం. మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తెల్లవాళ్లు వెళ్లిపోతున్నప్పుడు ఒక దొరసాని అమ్మేసిన సైకిలును ఆయనే నాకు కొనిపెట్టారు. అమ్మ నెలరోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

మా బడిలో కుట్టుపని నేర్పే అమ్మాయి నాకన్నా కొంచెం చిన్నది. నన్ను అక్కా అనేది. వాళ్లు ముస్లింలు, ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం తెలుగే. తల్లి చిన్నప్పుడే పోతే కార్ఖానా అనే పేటలో మేనత్త పెంచింది. తండ్రి శామీర్‌పేట అడవి అవతల ఒక పెద్దమనిషిగారి ద్రాక్షతోటలో మాలీ. వారానికి ఒకసారి తోట నుంచి కూరగాయలు, సీజనులో ద్రాక్షపళ్లు, వాటితోపాటు ఆయన క్షేమ సమాచారం ఎవరో ఒకరు తెచ్చేవారు. సాయంత్రాలు పరేడు గ్రౌండులో నా సైకిలు మీదే ఆమెకు తొక్కడం నేర్పాను. బురఖా మడిచి క్యారియర్‌కు కట్టేసి, ఎండాకాలం అయ్యేసరికి నాకన్నా వేగంగా తొక్కడం మొదలుపెట్టింది.

ఆ ఏడాదంతా రజాకార్ల భయంతో మా అమ్మ చీకటి పడగానే తలుపు గడియ పెట్టేది. నలభై ఎనిమిది సెప్టెంబరులో విమానాలు తిరిగాయి, దుకాణాలు మూసేశారు, కొద్ది రోజులకే ఇండియా సైన్యం ఊళ్లోకి వచ్చింది. మా వీధిలో మిఠాయిలు పంచారు. కార్ఖానాలో మాత్రం కొన్ని ముస్లింల ఇళ్ల తలుపులు తెరుచుకోలేదు. భయం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారింది, అంతే.

తోట నుంచి కూరగాయలు రావడం ఆగిపోయింది. పల్లెల నుంచి వచ్చేవాళ్లు చెప్పే సంగతులు వినబుద్ధి కాకుండా ఉండేవి. ఆ దారిన బస్సులు నడవడం లేదు. మేనత్త భర్త కొన్నాళ్లు ఓపిక పట్టమన్నాడు. ఆయన స్వయంగా వెళ్తే తిరిగి రాకపోవచ్చని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆయన్ని వెళ్లమనలేదు. బడి మళ్లీ తెరిచిన రోజు కుట్టుపని అమ్మాయి నా తరగతి గుమ్మం దగ్గర నిలబడింది.

"అక్కా, నేను పోత. నీ సైకిల్ ఇస్తవా?"

ఇస్తానన్నాను. ఒక్కదాన్నే పంపనని కూడా అన్నాను. కార్ఖానాలో అద్దె సైకిళ్ల దుకాణంవాడి దగ్గర ఉన్నవన్నీ మగవాళ్ల సైకిళ్లే. నాకివ్వడానికి వాడు చాలాసేపు నసిగాడు. నేను దుకాణం ముందే ఎక్కి వీధి చివరి దాకా పోయి వచ్చాక ఒకటి నా చేతికిచ్చాడు. ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ ఏడ్చింది. మర్నాడు తెల్లారుతుండగా బయటికి వచ్చి చూస్తే, నాన్నగారు పంపు తెచ్చి రెండు సైకిళ్లకూ గాలి కొడుతున్నారు. నేను చీరను గోచీ పోసి కట్టుకున్నాను. చూసి నవ్వేవాళ్లు ఆ వేళప్పుడు ఇంకా లేవలేదు.

తిరుమలగిరి దాటి అల్వాల్ దాకా మంచి రోడ్డు. అక్కడ ఒక సిపాయి ఆపి ఎక్కడికని ఇంగ్లీషులో అడిగాడు, జబ్బు చేసిన మనిషిని చూడబోతున్నామని చెప్పాను. హకీంపేట దాటాక మొరం, ఆ ఎర్ర గరుసుమట్టి దారి, మొదలైంది. వానలకు రోడ్డు ఎర్రగా నాని, బండి చక్రాల గాళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. గాడిలోకి దిగితే చక్రం ఇరుక్కుంటుంది, గట్టు మీద పోతే రాళ్ల మీద జారుతుంది. రెండు గాళ్ల మధ్య ఎద్దులు నడిచే సన్నటి మెట్ట మీద తొక్కడం నేర్చుకున్నాం. దిగుడు వచ్చినప్పుడు ముందు బ్రేకు పట్టి నేను ఒకసారి బోర్లా పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. ఆమె తన దుపట్టా కొస చింపి కట్టి, వెనక్కి పోదామని అనకుండా మళ్లీ సైకిలెక్కింది. నాకూ అదే కావాలి.

శామీర్‌పేట దాటి అడవిదారి పట్టాం. గుట్టల మీద సీతాఫలం చెట్లు, మోదుగులు. ఎక్కుడు వస్తే సీటు మీద నుంచి లేచి తొక్కేవాళ్లం, అప్పటికీ కాకపోతే దిగి తోసేవాళ్లం. చివరి గుట్ట మీద నుంచి తోట కనిపించింది. రాతి స్తంభాల మీద తీగల పందిళ్లు వాలు పొడుగునా పచ్చగా పరుచుకుని ఉన్నాయి. దూరానికి ఏమీ జరగనట్టే ఉంది. దగ్గరికి పోయాక చూస్తే మాలీ ఇంటి తలుపు ఊడిపడి ఉంది. లోపల కుండలు పగిలి ఉన్నాయి. ఆమె ఒక్కో గదీ చూసి వచ్చి బావి గట్టు మీద కూర్చుంది. బావిలోకి తొంగిచూడమని నన్ను అడగలేకపోయింది. నేనే చూశాను. నీళ్లు తప్ప ఏమీ లేవు.

తోటలో కూలికి వచ్చే ఒక పెద్దామె గుడిసె వాగు అవతల ఉందని ఆమెకు గుర్తు. అక్కడికి పోయాం. ఆ పెద్దామె గుమ్మంలో అడ్డంగా నిలబడి, మాలీ సంగతి తనకేమీ తెలియదంది. ఎటో పోయాడంది. మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. నాతో వచ్చిన అమ్మాయి తన తల మీది దుపట్టా వెనక్కి తీసి దగ్గరికి పోయి నిలబడింది.

"నేను ఆయన బిడ్డనమ్మా. సికింద్రాబాద్‌ల ఉంట."

పెద్దామె ఆమె గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పి చూసింది.

"కండ్లు అయ్యవే. రా బిడ్డా, లోపటున్నడు."

గడ్డి మోపుల వెనక ఆయన పడుకుని ఉన్నాడు. తోట మీదికి మనుషులు వస్తున్నారని విని, రాతి గోడ మీద నుంచి దూకి జొన్నచేలో దాక్కున్నాడు. దూకినప్పుడు చీలమండ విరిగింది. పెద్దామె, ఆమె కొడుకు మోసుకువచ్చి దాచారు. కాలు ఉబ్బి నల్లబడింది. కూతుర్ని చూసి ఆయన మొదట అడిగింది, ఆ దారిన ఎందుకు వచ్చావని. తరువాత చాలాసేపు ఆమె చెయ్యి వదలలేదు.

ఊళ్లో ఎవరూ బండి కట్టరని పెద్దామె చెప్పింది. బాగయ్యాక నడిచి వస్తానని ఆయన అన్నాడు. ఆ కాలు అలా బాగవదని చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. వెదురు బద్దలు పెట్టి కాలు బిగించి కట్టాం. మగసైకిలు క్యారియర్ మీద గోనె మడిచి వేసి ఆయన్ని కూర్చోబెట్టాం. సీటు నుంచి గుడ్డ వేలాడదీసి దాంట్లో కాలు పెట్టాం. టోపీ తీసి సంచిలో పెట్టమని నేనే చెప్పాను, ఎవరైనా అడిగితే మా మిషన్ ఆసుపత్రి మనిషి అంటానని కూడా చెప్పాను. ఆయన తీశాడు. ఆమె దాన్ని మడిచి సంచిలో పెట్టింది. నేను హ్యాండిలు పట్టుకుంటే ఆమె వెనక నుంచి తోసింది. పెద్దామె మా ఆడసైకిలు నడిపించుకుంటూ వెంట వచ్చింది. ఎక్కుడులో వెనక బరువుకు ముందు చక్రం పైకి లేచేది. నా బరువంతా హ్యాండిలు మీద వేసి అడుగు అడుగూ లాగాను. రాయి తగిలినప్పుడల్లా ఆయన పళ్లు బిగించుకునేవాడు గానీ మూలగలేదు.

శామీర్‌పేట పెద్ద రోడ్డు ఇంకా కొంచెం దూరం ఉందనగా కొందరు మగవాళ్లు ఎదురయ్యారు. చేతుల్లో కర్రలున్నాయి. ఎవరీయన అని అడిగారు. నేను తయారుగా పెట్టుకున్న మాట చెప్పబోయాను. ఆమె నాకన్నా ముందు మాట్లాడింది.

"మా అబ్బ. కాలిరిగింది. దవాఖానకు తోల్కపోతున్నం. జెర పక్కకు జరుగుండ్రి."

ఆ మాట బతిమాలినట్టు లేదు, తగాదా పడినట్టూ లేదు. వాళ్లలో ఒకడు రజాకార్లు తోటలో దాచిన తుపాకులు ఎక్కడున్నాయని అడిగాడు. అప్పుడు పెద్దామె మా సైకిలు స్టాండు వేసి ముందుకు వచ్చింది. అడిగినవాణ్ని ఇంటిపేరుతో పిలిచి, వాడి తల్లి కాన్పుకు తానే పోయానంది. ఈ ముసలాయన చేతిలో కత్తెర తప్ప తానేమీ చూడలేదని, కావాలంటే వచ్చి తన గుడిసె వెతుక్కోమని అంది. వాళ్లు తమలో తాము గొణుక్కున్నారు. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమని కూడా అనలేదు. మేము సైకిలు తోశాం. వాళ్లు జరిగారు. ముందున్నది ఎక్కుడు. అది ఎక్కేదాకా వాళ్లు నిలబడి చూస్తూనే ఉన్నారని నా వీపుకు తెలుస్తూనే ఉంది. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. వెంట కూడా రాలేదు.

పెద్ద రోడ్డు దగ్గర పెద్దామె ఆగిపోయింది. మాతో రమ్మంటే, ఇంట్లో మేకలున్నాయని చెప్పి వెనక్కి తిరిగింది. అక్కడి నుంచి ఆయన నా నడుముకు చుట్టిన గుడ్డ పట్టుకుని కూర్చుంటే నేను తొక్కాను. తొడలు మంటలెత్తాయి. ఆమె పక్కనే తొక్కుతూ, గుంతలు ముందుగా చూసి చెబుతూ వచ్చింది. అల్వాల్‌లో పొద్దుటి సిపాయే ఉన్నాడు. ఈసారి ఏమీ అడగకుండా చెయ్యి ఊపాడు.

మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎముక వంకరగా అతుక్కుంటోందని చెప్పి మళ్లీ సరిచేసి కట్టింది. ఆయన నడవగలిగాడు, కొంచెం కుంటుతూ. తోట యజమాని హైదరాబాదులో ఉండిపోయాడు, ఇంక రాలేదు. మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆయనకు ఒకటే బెంగ, తీగలు కత్తిరించే కాలం దాటిపోతోందని. ఒక ఆదివారం కర్ర పట్టుకుని లేచి, తనను తోటకు తీసుకుపోతారా అని మా ఇద్దరినీ అడిగాడు.

పల్లెల్లో గొడవలు సద్దుమణిగి బస్సులు మళ్లీ నడుస్తున్నాయి కాబట్టి ఆయన శామీర్‌పేట దాకా బస్సులో వచ్చేవాడు. మేము సైకిళ్ల మీద పోయి, అక్కడ ఆయన్ని క్యారియర్ మీద ఎక్కించుకుని అడవి దాటేవాళ్లం. చలికాలంలో ఎన్నో ఆదివారాలు అలాగే గడిచాయి. చర్చికి రావడం లేదని అమ్మ సాధించింది. ఆయన పందిరి కింద నులకమంచం మీద కూర్చుని ఏ కొమ్మ ఉంచాలో కర్రతో చూపించేవాడు. నేను, ఆమె, పెద్దామె కత్తిరించేవాళ్లం. ఆ ఏడాది కాపు ఆలస్యంగా వచ్చింది, గుత్తులు చిన్నవి. మొదటి బుట్ట దింపాక ఆయన ఒక గుత్తి చేతిలో పట్టుకుని తిప్పి చూశాడు. వచ్చే ఏడాదికి పడమటి వరసలో పాత తీగలు పీకేసి కొత్త అంట్లు నాటాలని చెప్పి, గుంతలు ఎక్కడ తవ్వాలో చూపించడానికి లేచి నడిచాడు.