ముళ్లకంచె మధ్య ఇద్దరు బావలు

మొన్న మనవడు ఫోన్‌లో పాత కుస్తీ పోటీ ఒకటి చూస్తున్నాడు. బరి చుట్టూ తాళ్లకు బదులు ముళ్లకంచె, లోపల నెత్తురోడుతున్న ఇద్దరు మనుషులు. నేను ముఖం తిప్పుకోవడం చూసి, "అమ్మమ్మా, ఇదంతా ఫేక్. డోంట్ వరీ" అన్నాడు. ఫేక్ అని తెలియడం వల్లే మా ఇల్లు రెండు ముక్కలైందని వాడికెలా చెప్పను?

ఎనభైల నడుమ అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి మందిరం లేదు. మా అన్నయ్య ఇంటి బేస్‌మెంటే మందిరం, అన్నయ్యే పెద్ద. మందుల కంపెనీలో గాజు గొట్టాల్లో చుక్కలు కొలిచే మనిషి, టీవీలో కుస్తీ వస్తే పసివాడైపోయేవాడు. ఒక కుస్తీవీరుడు ప్రార్థన చేయనిదే బరిలో దిగనని ఎక్కడో ఇంటర్వ్యూలో అన్నాడట. అంతే, అతను మా అన్నయ్య లెక్కలో విశ్వాసి అయిపోయాడు. అతని శత్రువు, గుండు మీద పచ్చబొట్టున్నవాడు, సాతాను. ఈ ఇద్దరికీ ముళ్లకంచె మధ్య పోటీ పెట్టి, కేబుల్‌లో విడిగా డబ్బు కట్టినవాళ్లకే చూపిస్తామన్నారు. అన్నయ్య కట్టేశాడు. పైగా ఆ ఆదివారం సంఘమంతా ఉపవాసముండి వీరుడి విజయం కోసం ప్రార్థించాలని ప్రకటించాడు. పెద్ద మాట, ఎవరూ కాదనలేదు. సాయంత్రం ప్రార్థన గదిలోనే టీవీ ముందు కూర్చున్నాం, పులిహోర గిన్నెలు మూత తీయకుండా పక్కన పెట్టుకుని. వీరుడి నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారుతుంటే అన్నయ్య మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. చివరికి వీరుడు ఓడిపోయాడు. మా ప్రార్థనలో పట్టు లేదని మందలించి, అన్నయ్య పులిహోర ముట్టకుండానే పైకి వెళ్లిపోయాడు.

మా ఆయన డాక్టరు. ఆ సాయంత్రం, పోటీ జరిగిన స్టేడియానికి దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీలో డ్యూటీలో ఉన్నారు. మరుసటి ఆదివారం, దేవుడు చేసిన మేళ్ల గురించి అందరూ సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డారు. ఆ వీరుడి నుదుటికి కుట్లు వేసింది తానేనని, అతన్ని కారులో తీసుకొచ్చింది ఆ పచ్చబొట్టువాడేనని, కుట్లు పడుతున్నంతసేపూ అతని చేయి పట్టుకుని కూర్చున్నదీ వాడేనని చెప్పారు. ఎవరు గెలవాలో వాళ్లు ముందే అనుకున్నారట. నుదురు కంచెకు చిట్లలేదు, వీరుడే బ్లేడు ముక్కతో గీసుకున్నాడట. అక్కడితో ఆగితే బాగుండేది.

"బావా, మీరు పస్తున్న పూట వాళ్లిద్దరూ ఏ హోటల్‌కి వెళ్దామా అని డిస్కస్ చేసుకుంటున్నారు" అన్నారు నవ్వుతూ.

సంఘమంతా నవ్వింది. అన్నయ్య ముఖం పాలిపోయింది.

"అది సాక్ష్యం కాదు బావా. నన్ను నా మంద ముందు నవ్వులపాలు చేశావు."

"నిజం చెప్పాను. అబద్ధం కోసం అందరిచేతా ఉపవాసం చేయించింది మీరు."

మా సంఘంలో ఒక నియమం ఉండేది. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచే ముందు, ఎవరి మీదైనా మనసులో కోపముంటే లేచి వెళ్లి వాళ్ల చేయి పట్టుకోవాలి. లేకపోతే రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. ఆ నియమం పెట్టింది ఈ బావలిద్దరే. ఆ రోజు ఇద్దరూ లేవలేదు. రొట్టె పళ్లెం వాళ్లను దాటిపోయింది. ఆపై ప్రతి ఆదివారం అంతే. నవ్వించినవాడు ముందు లేవాలని అన్నయ్య, మోసపోయినవాడు ముందు ఒప్పుకోవాలని మా ఆయన. నేను ఆ ఇంటికి కూర, ఈ ఇంటికి కబురు మోస్తూ తిరిగాను. క్షమాపణ గురించి అన్నయ్య ఎంత చక్కగా బోధించేవాడో! వింటూ మా ఆయన తల కూడా ఊపేవారు. పళ్లెం వచ్చేసరికి మాత్రం ఇద్దరి చేతులూ ఒళ్లోనే. ప్రభువు బల్లను వాళ్లు పంతానికి వాడుకున్నారు. ఈ మాట రాస్తుంటే నాకిప్పటికీ నోరు చేదవుతుంది.

ఆ దశాబ్దం ముగియకముందే అన్నయ్య గుండె ఆగిపోయింది. శవపెట్టె మూయబోతుండగా మా ఆయన లేచి వెళ్లి, అన్నయ్య కుడిచేయి పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తరువాతి ఆదివారం పళ్లెం వస్తే రొట్టె తీసుకున్నారు. నియమం నెరవేరిందని సంఘం స్తోత్రం చెప్పింది. ఆ కుస్తీవాళ్లకు పోటీ ముగిసిందని చెప్పడానికి ఒక గంట మోగేది. మా వాళ్లకు పళ్లెం దాటిపోయిన ప్రతి ఆదివారమూ ఆ గంటే మోగింది, ఇద్దరిలో విన్నవాడు లేడు.