మధ్యాహ్నం భోజనానికి వచ్చే మనిషి

మా ఎదురు ఫ్లాట్ ఆయన పోయాడు. లింగంపల్లి మార్కెట్లో వంకాయలు ఏరుతూ అక్కడే కూలిపోయాడట. వాచ్‌మన్ వచ్చి చెప్పినప్పుడు నేను మా ఆవిడ నోటి దగ్గర చెంచా పెట్టి బతిమాలుతున్నాను.

క్లబ్‌హౌస్‌లో సంతాప సభ పెట్టారు. ల్యాప్‌టాప్ సంచులు భుజాన ఉండగానే అందరూ ఆయన్ను దేవుణ్ణి చేశారు. దేవుడేమీ కాదు. నా పార్కింగ్‌లో స్కూటర్ పెట్టేవాడు. లిఫ్టులో ఫోన్ మాట్లాడితే పై అంతస్తుకు వినపడేది. అయితే మా ఆవిడకు మతిమరుపు ముదిరాక, ఆ సభలో కళ్లు తుడుచుకున్న వాళ్లెవరూ మా గడప తొక్కలేదు. ఆయన తొక్కాడు. నా కడుపుమంట అదే.

ఆవిడకు నేనెవరో తెలియదు. "ఎవరీ ముసలాయన?" అని పనిమనిషిని అడుగుతుంది. ఈ జబ్బు మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. అన్నం మెత్తగా కలిపాను, తొందర పెట్టలేదు. అయినా నా చేతిలో చెంచా చూస్తే మొహం తిప్పేసేది.

ఆయన మాత్రం తిన్నగా వచ్చి, "అక్కా, జర ఆకలైతుంది. ఇంత బువ్వ పెడ్తవా?" అనేవాడు. ఆవిడకు మిగిలిన నాలుగు మాటలూ ఇంటికొచ్చిన వాళ్లను పలకరించేవే. "రండి బాబూ, కూర్చోండి" అంటూ తన పళ్లెం ఆయన ముందుకు నెట్టేది.

"నువ్వు తినకుంటే నేను ముట్ట."

వచ్చిన మనిషిని పస్తుంచడం ఆవిడ వల్ల కాదు. మర్యాద కోసం ఒక ముద్ద, మొహమాటానికి ఇంకో ముద్ద తినేది.

"ఏంది సార్, గట్ల జూస్తున్నవ్? నువ్వు గూడ కూసో," అనేవాడు నాతో.

"నా ఇంట్లో నన్ను కూర్చోమంటావా?"

"ఇల్లు అక్కది సార్. అక్క పిలుస్తెనే కూసోవాలె. డాక్టర్ లెక్క మొహం పెడ్తె ఎవ్వలు పిలుస్తరు? జర ఆకలి మొహం పెట్టు!"

నేను గదిలోకి పోయి తలుపేసుకునేవాణ్ణి. అవతల ఆవిడ నవ్వు వినపడకుండా రేడియో పెట్టేవాణ్ణి.

ఆవిడ ఇన్నాళ్లు తిన్నది ఆయన వల్ల. ఈ వాక్యం రాయడం నాకిష్టం లేదు. రాశాను.

ఆయన పోయాక ఆవిడ గొంతులో మజ్జిగ తప్ప ఏదీ దిగలేదు. డాక్టరు ముక్కులో గొట్టం మాట ఎత్తాడు. నిన్న మధ్యాహ్నం చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లి, నా ఇంటి బెల్లు నేనే కొట్టాను. పనిమనిషి తలుపు తీసింది.

"అమ్మా, ఆకలేస్తోంది," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎండన పడి వచ్చారు, కూర్చోండి," అంది. పళ్లెం నా వైపు జరిపింది.

"మీరు తింటేనే తింటాను."

ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. దాన్ని మెల్లగా నములుతూ, నా భుజం మీదుగా గుమ్మంకేసి చూస్తూనే ఉంది.